మా సడ్డకుడి ముక్కు

మొన్న ఆదివారం పొద్దున తొండుపల్లి నుంచి మా మరదలు ఫోన్ చేసింది. వాళ్ల మేడమీది గదిని ఎయిర్‌పోర్టు క్యాబులు నడిపే ఇద్దరికి కిరాయికి ఇస్తోందట. ఆ గది మూలన ఒక పెద్ద స్టీలు డ్రమ్ము, రెండు పెట్టెల ఖాళీ సీసాలు, సీసాలకు మూతలు బిగించే చేతిమిషను ఉన్నాయి. "పాత సామానోనికి ఇయ్యబుద్ధి అయితలేదు బావా. నువ్వే తీస్కపో" అంది. వెళ్లి ఆటోలో వేసుకుని తెచ్చాను. డ్రమ్మును మాత్రం ఒళ్లో పెట్టుకున్నాను. దారిలో మూత తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు. కడిగి, ఎండబెట్టి, మూతికి గుడ్డ కట్టి మరీ పెట్టాడు ఆ మనిషి. ఇంటికొచ్చి దాన్ని సజ్జ మీద పెట్టడానికి చోటు చేస్తుంటే, వెనకనుంచి ఒక బిస్కట్ల డబ్బా జారి నా భుజం మీద పడింది. మూత ఊడి చీటీలన్నీ గదంతా పరుచుకున్నాయి. నా భార్య చీపురు పట్టుకుని వచ్చింది, చీటీలు చూసింది, చీపురు గోడకు ఆనించి వెళ్లిపోయింది. నాలుగేళ్లుగా మా ఇంట్లో ఆ డబ్బా ఊసు ఎవరమూ ఎత్తలేదు.

ఆ బీరు పులియబెట్టే డ్రమ్ము నా భార్య చెల్లెలి భర్తది. తోడల్లుడు అంటారు పుస్తకాల్లో, మా వైపు సడ్డకుడు అంటారు. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ని. ఇద్దరివీ కల్లుగీత ఇళ్లే. తేడా ఏమిటంటే మా నాయన తొందరగా చెట్టు దిగి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు, వాళ్ల నాయన కడదాకా ఎక్కాడు. ఆ తాటిచెట్లు ఉన్న చోట ఇప్పుడు విమానాలు ఆగుతాయి. చిన్నప్పుడు వాళ్ల నాయన దించిన కల్లుకుండ, లొట్టి అంటాం దాన్ని, ముక్కుకు ఆనించి అది ఆడచెట్టు కల్లో మగచెట్టు కల్లో చెప్పేవాడట. నేను నమ్మలేదు. వాడి పెళ్లయిన కొత్తలో మా అత్తగారింట్లో కళ్లకు తువ్వాలు కట్టి పరీక్ష పెట్టాను. ఏడు కుండలకు ఏడూ సరిగ్గా చెప్పాడు. ఎనిమిదోది నేను మోసానికి పెట్టిన మజ్జిగ. "ఇది అత్త చేసింది, నిన్నటిది" అన్నాడు. ఆ ముక్కే వాడికి అన్నం పెట్టింది కూడా. కొత్తూరు దగ్గర మసాలా పొడులు చేసే ఫ్యాక్టరీలో, వచ్చిన మిరప, ధనియాల బస్తాలను వాసన చూసి తీసుకోవాలో వద్దో చెప్పడం వాడి ఉద్యోగం. బస్తా విప్పి, గుప్పెడు తీసి, కళ్లు మూసుకుని ఒక్క పీల్పు పీల్చి తల ఊపితే లారీ లోపలికి, ఊపకపోతే వెనక్కి.

బీరు పిచ్చి మాకు అంటించినాయన మా ఇంటి పైభాగంలో అద్దెకుండే గుంటూరు సారు. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మా సడ్డకుడి ఫ్యాక్టరీలో మేనేజరుగా ఉన్న తమ్ముడికి దగ్గరగా ఉందామని శంషాబాద్ వచ్చారు. వస్తూ వస్తూ ఒక థర్మామీటరు, రెండు గాజు జాడీలు, బోలెడంత జ్ఞానం తెచ్చారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, చేదుకు ఏవో ఎండు పువ్వులు, పులియడానికి ఈస్టు పొడి, అన్నీ పార్సిల్లో వచ్చేవి. ఇదంతా చట్టానికి సరేనా అని నేను ఒకసారి భయపడితే, "మనం అమ్మడం లేదు కదండీ" అన్నారు. అది జవాబో కాదో నేను మళ్లీ అడగలేదు. నేను అప్పట్లో ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోదాములో సూపర్‌వైజరుగా చేస్తున్నాను. ముప్పయ్యేళ్లు ఇతరుల పెట్టెలు లెక్కపెట్టినవాడికి తన చేత్తో ఒక వస్తువు తయారుచేయడం ఎంత మత్తు ఇస్తుందో చెప్పలేను. తాగితే వచ్చే మత్తు దాని ముందు ఏమూలకు.

ప్రతి నెలా మూడో ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా డాబా మీద కూర్చునేవాళ్లం. ఈ నెల ఒకరి సరుకు, వచ్చే నెల ఇంకొకరిది. మధ్యలో ఒక పళ్లెంలో మరమరాలు, నాలుకను కడుక్కోవడానికి. ఉప్పు కారం కలిపితే సారు ఒప్పుకునేవారు కాదు. జిరాక్సు తీయించిన చీటీలు ఆయనే తెచ్చేవారు. రంగు, నురగ, వాసన, రుచి, చివర పదికి మార్కులు. తాగినవాళ్లు చీటీ నింపి, నాలుగు మడతలు పెట్టి, బీరు చేసినవాడి ముందు పెట్టాలి. చేసినవాడు ఒక్కో చీటీ విప్పి తనలో తాను చదువుకుని, చదివినట్టుగా కింద సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఎవరూ నోరు విప్పకూడదు. "ఒకరి మాట చెవిన పడితే రెండోవారి నాలుక మారిపోతుందండీ" అనేవారు సారు. ఆ మౌనంలో మా తలమీద విమానం దిగుతుంటే గ్లాసులు సన్నగా వణికేవి. విమానం డాబా దాటేదాకా గుటక వేయకుండా ఆగడం కూడా మా ఆచారాల్లో ఒకటైంది, ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. నా భార్య తాగేది కాదు గానీ మెట్ల తలుపు దగ్గర నిలబడి, గాలికి వచ్చినంత వాసన చూసి, "పాసిపోయిన జొన్నగటక" అని తీర్పు చెప్పి వెళ్లేది. అది నియమాల కిందికి రాదని సారు వదిలేసేవారు.

మా సడ్డకుడు చీటీ రాస్తే కత్తితో రాసినట్టు ఉండేది. నా మొదటి సరుకుకు వాసన గడిలో 'తడిసిన అట్టపెట్టె' అని రాశాడు. రెండోదానికి 'దవాఖాన వరండా.' మూడోదానికి 'ఎవరో సాక్సులు ఇడిసిన్రు.' మార్కులు రెండు, మూడు, ఎంత బాగా కుదిరినా నాలుగు. సంతకం పెట్టి, ఉడుక్కుని, "నీకు కల్లు తప్ప ఇంకోటి నచ్చదు తమ్మీ" అంటే, "నచ్చుడు గాదు అన్నా, ఉన్నది రాసిన" అనేవాడు. వాడు చేసిన బీరు మాత్రం, నిజం చెప్పాలంటే, అద్భుతంగా ఉండేది. బోరు నీళ్లతో ఒకసారి, కృష్ణా నీళ్లతో ఒకసారి చేసి, రెంటికీ తేడా మాకు వాసనలో చూపించాడు. నాకు తెలియలేదు, తెలిసినట్టు తల ఊపాను. సాయంత్రం గాలి మళ్లితే, "ఇయ్యాల రన్‌వే దిక్కు గాలి" అనేవాడు, విమానాల నూనె వాసన మాకు తగలకముందే.

తర్వాత ఆ జ్వరాల ఏడాది వచ్చింది. మాకు ముగ్గురికీ వచ్చింది, ముగ్గురం బతికి బట్టకట్టాం. కొన్ని నెలల తర్వాత మళ్లీ డాబా మీద కూర్చుంటే, ప్రాణాలతో ఎదురుబొదురు కూర్చోవడమే పండుగలా అనిపించింది. ఆ రోజు నా సరుకు. వాడి చీటీ విప్పాను. వాసన గడిలో 'తొలివాన' అని ఉంది. మార్కులు ఏడు. తర్వాతి వంతులో 'కాల్చిన తాటిపండు', ఎనిమిది. ఆ తర్వాత 'మా నాయిన లొట్టి', తొమ్మిది. ఆ చివరి చీటీని వారం రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. అదే సరుకుకు సారు మూడు మార్కులు వేసి, ఉడికిన క్యాబేజీ వాసన వస్తోందని రాశారు. పుస్తకాల మనిషి, ఆయనకేం తెలుసు అనుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు. పైగా తొమ్మిది వేసింది ఎవరు. కళ్లకు తువ్వాలు కడితే ఎనిమిది కుండలు చెప్పినవాడు. వాడి గొంతు కొంచెం మెత్తబడిందని, గాలి మళ్లిన సంగతి ఇప్పుడు చెప్పడం లేదని, తాగేముందు గ్లాసును చెవి దగ్గర పెట్టుకుని బుడగల చప్పుడు వింటున్నాడని, ఇవన్నీ చూశాను. చూసి కూడా, జ్వరం మనిషిని మంచివాణ్ని చేసిందని సంతోషించాను. మన గురించి నాలుగు మంచి మాటలు రాసేవాడి ముఖంలోకి తేరిపార చూడాలని ఎవరికి అనిపిస్తుంది.

ఆ తొమ్మిది మార్కుల బీరునే నా రిటైర్మెంటు సభకు డజను సీసాలు పట్టుకెళ్లాను. టీషాపు వెనక షెడ్డులో, నాతో ముప్పయ్యేళ్లు పనిచేసినవాళ్ల చేతుల్లో గ్లాసులు పెట్టి, వాళ్ల ముఖాలు చూస్తూ నిలబడ్డాను. ఒక్కో గుటక వేసి, ఒక్కొక్కరూ గ్లాసు మెల్లగా కింద పెట్టారు. లోడింగు మేస్త్రీ మాత్రం మొహమాటం లేని మనిషి. "సార్, ఇండ్ల క్యాబేజ్ ఉడకవెట్టిన్రా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఒక సీసా తీసి, మొదటిసారి నా బీరును పరాయివాడిలా వాసన చూశాను. క్యాబేజీయే. నన్ను వీడు మునగచెట్టు ఎక్కించాడు అనుకున్నాను. ఇన్ని నెలలు ఆటపట్టించాడు, సారుతో కలిసి నవ్వుకుని ఉంటాడు. మనసు ఒకసారి అటు తిరిగితే ప్రతి మంచి మాటా ఎకసెక్కంలాగే కనబడుతుంది.

ఆ నెల వాడి వంతు. వాడు తెచ్చిన సీసా మూత తీయగానే నాకు గుండె నిండింది. జీవితంలో మొదటిసారి వాడి సరుకు పాడైంది. వాడు నాకు నేర్పిన మాటనే వాడి మీద వేశాను. 'తడిసిన అట్టపెట్టె. నీ ముక్కు ఎటు పోయింది తమ్మీ?' అని రాసి, ఒక మార్కు వేసి, మడిచి ముందు పెట్టాను. వాడు చదివాడు. సంతకం పెట్టాడు. ఆ చీటీని చేతిలోనే పట్టుకుని, "నిజమే అన్నా" అన్నాడు. అంతే. ఎప్పుడూ వాదించేవాడు ఆ రోజు వాదించలేదు. కనీసం అప్పుడైనా నాకు వెలగాల్సింది. నాకు మాత్రం ఇంకా కసి తీరలేదు.

తర్వాతి నెల నా వంతు. పొద్దున అన్నం వార్చిన గంజి వడగట్టి, రంగుకు కాస్త టీ డికాక్షన్, చేదుకు నాలుగు వేపాకులు ఉడకబెట్టిన నీళ్లు కలిపి, సోడా పట్టించి, సీసాల్లో పోసి మూతలు బిగించాను. నురగ నిజం బీరుకంటే బాగా వచ్చింది. నా భార్య వంటింట్లోంచి చూసి, "ఎందుకు, వద్దు" అంది. ఎందుకు వద్దో చెప్పలేదు. సాయంత్రం ముగ్గురికీ పోశాను. సారు గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కనుబొమ్మలు ఎత్తి నా వైపు చూశారు గానీ నియమం ప్రకారం నోరు మెదపలేదు. మా సడ్డకుడు గ్లాసు చెవి దగ్గర పెట్టుకున్నాడు, గుటక వేశాడు, ఇంకో గుటక వేశాడు, మీసం తుడుచుకుని చీటీ దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ రెండు ముక్కలు రాసేవాడు ఆ రోజు చీటీ తిప్పి వెనక కూడా రాశాడు. నాలుగు మడతలు పెట్టి నా ముందుకు జరిపాడు. గంజికి ఇంత పొగడ్తా అని నాకు పొట్ట చెక్కలవుతోంది. చీటీ విప్పలేదు. విమానం ఒకటి దిగుతోంది, అది దాటేదాకా కూడా ఆగలేదు. "ఎట్లుంది తమ్మీ గంజి? ఎన్ని ఏసినవ్?" అని అరిచినంత గట్టిగా నవ్వాను.

విమానం చప్పుడు తగ్గాక గానీ వాడికి మాట అర్థం కాలేదు. గ్లాసు ఎత్తి ముక్కుకు ఆనించుకున్నాడు. చాలాసేపు ఆనించుకునే ఉన్నాడు. "గంజా" అన్నాడు. సారు నవ్వబోయి ఆగిపోయారు. ఆయన బుర్ర నాకంటే చురుకైనది. "మీకు వాసన అస్సలు రావడం లేదాండీ?" అని అడిగారు, నెమ్మదిగానే. వాడు సారు వైపు చూడలేదు. నా వైపు చూశాడు, తర్వాత నా చేతిపక్కన ఉన్న మడతపెట్టిన చీటీ వైపు చూశాడు. కోపం అనుకున్నాను అప్పుడు. ఎప్పటిలాగే లేచి, కుళాయి దగ్గర తన గ్లాసు కడిగి, బోర్లించి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. మెట్ల తలుపు దగ్గర నా భార్య కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. "చెల్లె ఎప్పుడో చెప్పింది. కూర మాడినా తెల్వదట ఆయనకు. ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నది" అంది. తర్వాత, "నెలకోసారి ఎదురుంగ కూసున్నవు గద. నీకు తెల్వకపోవుడేంది?" అంది.

సారు మంచివారు. మంచితనంతోనే తమ్ముడికి ఫోన్ చేసి, పాపం ఆయనకు ముక్కు పనిచేయడం లేదట, ఎక్కడైనా మంచి డాక్టరుకు చూపించండి అని చెప్పారు. తమ్ముడూ మంచివాడే, డాక్టరుకు చూపించాడు. వాసన తిరిగి రాలేదు. వాసన రానివాణ్ని మసాలా బస్తాల ముందు నిలబెట్టలేరు కాబట్టి, పని తీసేయకుండా గేటు దగ్గర లారీ నంబర్లు రాసుకునే పనికి మార్చాడు. నెల తర్వాత నేను కొత్తూరు వెళ్లాను. ఖాకీ టోపీ పెట్టుకుని, రిజిస్టరు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మిరపకాయల లారీ ఒకటి పక్కనుంచి లోపలికి పోతోంది, నాకు కళ్లలో నీళ్లు తిరిగి తుమ్ములు వచ్చాయి. వాడికి ఏమీ కాలేదు. "తమ్మీ" అన్నాను. "మీరెందుకు ఇంత దూరం వచ్చిన్రు" అన్నాడు. ఇరవై ఏళ్లలో వాడు నన్ను మీరు అనడం అదే మొదటిసారి. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో కలిసినప్పుడల్లా అదే మర్యాద. మీరు తిన్నరా, మీ బీపీ ఎట్లున్నది, మీ దిక్కు ప్లాట్ల రేట్లు ఎట్లున్నయి. క్షమాపణ చెప్పాలని నోటిదాకా వచ్చేది. ఆ మర్యాద ముందు ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. సారు ఆ ఏడే ఇల్లు ఖాళీ చేసి గుంటూరు వెళ్లిపోయారు. డాబా మీద ఇప్పుడు ఒడియాలు ఎండుతాయి. పోయిన చలికాలంలో ఒక రోజు గేటు దగ్గరే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు.

ఆ చీటీని ఆ రోజు నేను విప్పలేదని చెప్పాను కదా. నా భార్య గ్లాసులతో పాటు అన్నీ సర్ది ఈ డబ్బాలో పడేసింది. తర్వాతా విప్పలేదు. గంజికి వాడు ఏ తొలివానో, ఏ తాటిపండో రాసి, ఏ పదో వేసి ఉంటాడని తెలుసు. దాన్ని చదివితే వాణ్ని చూసి రెండోసారి నవ్వినట్టే అనుకున్నాను. నా జీవితంలో వాడి పట్ల నేను చూపించిన గౌరవం అదొక్కటేనని కూడా అనుకుంటూ వచ్చాను. మొన్న నేల మీద పరుచుకున్న మిగతా చీటీలన్నింటి కిందా నా సంతకం ఉంది. నాలుగు మడతల్లో బిగుసుకుని ఉన్నది ఆ ఒక్కటే. నేల మీదే కూర్చుని విప్పాను. రంగు గడిలో మంచిగుంది, నురగ గడిలో మంచిగుంది అని ఉంది. వాసన గడిలో మొదలైన రాత గీత దాటి, కిందికి దిగి, చీటీ వెనక్కి తిరిగింది.

"అన్నా, పోయిన నెల అడిగినవు గద, ముక్కు ఎటు పోయిందని. నిజంగనే పోయింది. జ్వరం వచ్చినకాడికెళ్లి ఏ వాసనా రాదు. ఇన్ని దినాలు నీకు రాసినయన్ని నాకు యాదికున్న వాసనలే. తప్పు రాసిన, ఏమనుకోకు. సారుకు చెప్పకు, ఆయన తమ్ముని చెవుల పడితే నా పని పోతది. ఏం చెయ్యాల్నో తోస్తలేదు. నీకొక్కనికే చెప్తున్న. మార్కులు నువ్వే ఏసుకో."

రెండుసార్లు చదివాను. నా భార్య తలుపు దగ్గర నుంచి, ఏముంది అని అడిగింది. చేయి చాపి చీటీ ఇచ్చాను. చదివి, నా పక్కన కూర్చుని, కింద పడ్డ మిగతా చీటీలు ఒక్కోటీ ఏరి డబ్బాలో పెట్టింది. ఆ ఒక్కదాన్ని తిరిగి నా చేతికి ఇచ్చింది. పెన్ను వెతుక్కుని, నియమం ప్రకారం, చదివినట్టుగా కింద సంతకం పెట్టాను. మార్కుల గడి ఖాళీగానే వదిలేశాను. నాలుగు మడతలు విప్పి ఆ తొమ్మిది వాక్యాలు చదవడానికి పట్టింది, ఒక విమానం మా డాబా దాటిపోయేంత సేపు. తర్వాత కాలం నాలుగేళ్లు పుష్కలంగా చేతిలో పెట్టింది. ఆ ఆదివారం సాయంత్రం, సారు వినేలా నవ్వే ముందు, నియమం ఆ కాసేపు ఆగమంటే నేనే ఆగలేదు.